చెప్పింది పట్టించుకోడు, చేసింది మాత్రం అచ్చు దించేస్తాడు: మా షాపు కుర్రాడితో ఏం చెయ్యాలి?

తెనాలి టైలర్:

నమస్కారం అండీ. నేను లేడీస్ టైలర్ని. తెనాలిలో చిన్న షాపు. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల. 28 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఇక్కడ చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారని మా అమ్మాయి చెబితే అడుగుతున్నాను. పెద్దగా రాయడం అలవాటు లేదు, కానీ మొదలుపెడితే ఆగను. ఓపిగ్గా చదవండి.

పోయిన ఏడాది దసరా వెళ్లాక మా దగ్గర ఒక కుర్రాడు పనికి చేరాడు. 19 ఏళ్లు. ఇంటర్ మధ్యలో ఆపేశాడు. మంచివాడే. పొద్దున్నే వచ్చి షట్టర్ తీస్తాడు, ఫోన్ ఎక్కువ చూడడు, టీ తెమ్మంటే విసుక్కోడు. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

చేరిన రోజు నుంచీ నేను వాడికి నోరు నొప్పి పుట్టేలా చెబుతున్నవి మూడే మూడు. ఒకటి, లైనింగ్ గుడ్డ నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టు. లేకపోతే మొదటి ఉతుకులోనే లైనింగ్ ముడుచుకుపోయి పై గుడ్డ ఉబ్బుతుంది. రెండు, ఆది జాకెట్టు ఇచ్చారు కదా అని దాన్నే నమ్ముకోకు, అది ఎప్పుడు కుట్టించిందో అడుగు. మూడేళ్ల కిందటి ఆది తెచ్చిచ్చి "అచ్చం ఇలాగే కావాలి" అంటారు, తర్వాత బిగుతైందని మనల్నే అంటారు. మూడు, కస్టమర్ దగ్గర అబద్ధం ఆడకు.

ఏడాది కావస్తోంది. ఒక్కటీ పట్టలేదు. లైనింగ్ మీద నాలుగు చుక్కలు నీళ్లు చల్లి, ఇస్త్రీ పెట్టె తిప్పేసి కోసేస్తాడు.

నేను చెప్పనివి చూడండి ఇప్పుడు. నాకు గుండుసూదులు నోట్లో పెట్టుకునే అలవాటు. తప్పని తెలుసు, డాక్టరు కూడా తిట్టాడు. వాడు చేరిన వారానికే నాలుగు సూదులు పెదాల మధ్య పెట్టుకుని, వాటి పక్క నుంచే మాట్లాడుతున్నాడు. నేను ఒకప్పుడు బండి మీంచి పడ్డాను, అప్పట్నుంచీ కత్తిరించేటప్పుడు ఎడమ భుజం కొంచెం పైకి లేపుతాను, లేకపోతే నొప్పి. వాడూ లేపుతాడు! వాడి భుజానికి ఏం రోగం? ఇంకొకటి. కోత మొదలుపెట్టే ముందు కత్తెరతో బల్ల మీద రెండుసార్లు టక్ టక్ మని కొడతాను. ఎందుకు కొడతానో నాకే తెలీదు. వాడూ టక్ టక్. పక్క మెడికల్ షాపు ఆయన "మీ ఇద్దరిలో కోసేది ఎవరో గోడ అవతల్నుంచి తెలియట్లేదు" అంటాడు.

ఇంతవరకూ నవ్వుకునే సంగతే. నిద్ర పట్టనివ్వనిది శ్రావణ మాసంలో జరిగింది. ఒకావిడ చెల్లెలి పెళ్లికని మూడు పట్టు జాకెట్లు ఇచ్చింది. మీకు తెలుసు కదా ఆ నెలలో మా పరిస్థితి, సంచుల మీద సంచులు. హుక్కులు, దారాలు తేవడానికి నేను బజారుకు వెళ్లి తిరిగొచ్చాను. గుమ్మం బయటే ఉన్నాను, లోపల్నుంచి నా గొంతు నాకే వినపడింది. "అయిపోయినట్టేనండీ, హుక్కు...లొక్కటే బాకీ. రేపు సాయంత్రం వచ్చేయండి." ఆ 'హుక్కు' దగ్గర లాగడం కూడా నాదే. తొంగి చూస్తే ఎడమ చెయ్యి సంచి మీద వేసి మరీ చెబుతున్నాడు, అదీ నాదే. ఆ సంచిలో గుడ్డకి ఇంకా చాక్ కూడా తగల్లేదు.

ఆవిడ వెళ్లాక అడిగాను, అబద్ధం ఎందుకు ఆడావురా అని. వాడు బెదరలేదు, దబాయించలేదు. నిజంగానే అర్థం కానట్టు చూసి, "అబద్ధం కాదు మాస్టారూ, అలా చెప్పాలి కదా" అన్నాడు.

ఆ రాత్రి రెండింటి దాకా కూర్చుని ఆ మూడూ కుట్టాను. కుట్టింది నేనే, కాబట్టి లైనింగ్ నానబెట్టలేదని కూడా ఒప్పుకుంటున్నాను. టైము లేదు.

నా ప్రశ్న ఏంటంటే, నోటితో వంద సార్లు చెప్పింది ఎందుకు ఎక్కదు, ఒక్కసారి కూడా నేర్పనిది ఎలా ఎక్కుతుంది? ఇప్పుడు మాన్పించడం ఎలా? ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మాత్రం ఎవరూ రాయకండి. మా ఆవిడ ఇప్పటికే నాలుగుసార్లు అంది.

పాత లెక్చరర్:

టైలర్ గారూ, నేను 20 ఏళ్లకు పైగా బీఎడ్ కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరయ్యాను. ఎంతమంది పిల్లలకు ఈ పాఠం చెప్పానో లెక్క లేదు, మీరు చెప్పినంత మంచి ఉదాహరణ నాకు ఒక్కటీ దొరకలేదు. "అలా చెప్పాలి కదా" అన్న మాట దగ్గర చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను.

ఆల్బర్ట్ బండూరా అని ఒక సైకాలజిస్టు ఉండేవారు. కెనడాలో పుట్టి అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పనిచేశారు, 2021లో పోయారు. ఆయన రోజుల్లో చాలామంది నమ్మింది ఏమిటంటే, మనిషి ఏదైనా నేర్చుకోవాలంటే తనే చెయ్యాలి, చేసినందుకు బహుమతో దెబ్బో తనకే తగలాలి అని. అది చాలదని ఈయన వాదన. 1961లో యూనివర్సిటీ నర్సరీ స్కూల్లోని 72 మంది పిల్లలను తీసుకున్నారు, మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపువాళ్లు. కొందరి ముందు ఒక పెద్ద మనిషి గాలి నింపిన బొమ్మను చితక్కొట్టాడు. కిందికి పడేసి పైన కూర్చుని ముక్కు మీద గుద్దడం, చెక్క సుత్తితో బాదడం, పైకి విసరడం, మధ్యలో కొన్ని కేకలు. ఇంకొందరి ముందు ఆ పెద్ద మనిషి బొమ్మ జోలికే పోకుండా వేరే ఆటవస్తువులతో ఆడుకున్నాడు. మిగతావాళ్లకు ఎవరినీ చూపించలేదు. ఆ తర్వాత పిల్లలను ఒక్కొక్కరిగా బొమ్మ ఉన్న గదిలో వదిలి అద్దం వెనక నుంచి చూశారు. కొట్టడం చూసిన పిల్లల్లో చాలామంది అలాగే కొట్టారు. అవే దెబ్బలు, అవే కేకలు. ఎవరూ కొట్టమనలేదు, కొడితే ఏమీ ఇవ్వలేదు.

మీకు పనికొచ్చేది మాత్రం దీని తర్వాతది, 1965 నాటిది. ఈసారి 66 మంది. ఒక సినిమా చూపించారు, అందులోనూ ఒకడు బొమ్మను కొడతాడు. చివర మాత్రం మూడు రకాలు. ఒక గుంపు చూసిన దాంట్లో వాడిని మెచ్చుకుని తినడానికి, తాగడానికి ఇస్తారు. ఇంకో గుంపు చూసిన దాంట్లో తిట్టి, చుట్టిన పత్రికతో కొడతారు. మూడో దాంట్లో ఏమీ అవదు. తర్వాత పిల్లలను ఆ గదిలో వదిలితే, వాడు తిట్లు తినడం చూసిన పిల్లలు తక్కువ కొట్టారు. అయితే వాళ్లు నేర్చుకోలేదన్నమాటే కదా? కాదు. "సినిమాలో ఆయన ఏం చేశాడో చేసి చూపిస్తే స్టిక్కర్లు, జ్యూస్ ఇస్తాం" అనగానే మూడు గుంపులూ దాదాపు సమానంగా చేసి చూపించాయి. అంటే చూసినదంతా అందరి లోపలికీ వెళ్లింది. బయటికి తీయాలా వద్దా అన్నదే తేడా, దాన్ని తేల్చింది అవతలివాడికి ఏం దక్కిందో చూడటం.

ఇప్పుడు మీ షాపు. లైనింగ్ ఎందుకు నానబెట్టాలో మీ కుర్రాడికి తెలుసు, అడిగి చూడండి, ఒప్పజెబుతాడు. కానీ నానబెట్టినందుకు మీకు ఏదైనా దక్కడం వాడు ఎప్పుడైనా చూశాడా? "హుక్కులొక్కటే బాకీ" అన్నందుకు దక్కడం మాత్రం రోజూ చూశాడు. కస్టమర్ కోపంగా వస్తుంది, మీరు ఆ మాట అంటారు, శాంతించి వెళ్లిపోతుంది. మీరు ఫ్యాను వేసుకుని కూర్చుంటారు. మీకు దక్కిన జ్యూస్ అదీ.

ఊరికే అడుగుతున్నా:

లెక్చరర్ గారూ, ఒక చిన్న డౌట్. ఆ బొమ్మ కొడితే పడి మళ్లీ లేచే రకం. దాన్ని చేసిందే కొట్టడానికి. పిల్లాడి చేతికి బంతి ఇచ్చి, విసిరాడు చూశారా అంటే ఎలా? దీన్నుంచి మనుషుల్ని కొట్టడం దాకా వెళ్లిపోతారు టీవీ చర్చల్లో.

పాత లెక్చరర్:

మంచి డౌట్, ఆ విమర్శ ఆ రోజుల్నుంచీ ఉన్నదే. బొమ్మను కొట్టినవాడు రేపు పక్కింటి పిల్లాడిని కొడతాడని ఆ ప్రయోగం తేల్చలేదు, తేల్చిందని చెప్పేవాళ్లను నమ్మొద్దు. కానీ వాళ్లు లెక్కపెట్టింది ఊరికే కొట్టడాన్ని కాదు. పైన కూర్చుని ముక్కు మీదే గుద్దడం, సుత్తితో ఫలానా విధంగా బాదడం, ఫలానా మాటే అనడం, వీటిని విడిగా లెక్కపెట్టారు. బొమ్మను చూస్తే ఎవరికైనా తోచే పనులు కావవి. కాపీ గురించి అడిగితే ఆ ప్రయోగం గట్టి సాక్ష్యం, హింస గురించి అడిగితే అంత గట్టిది కాదు. మన టైలర్ గారిది కాపీ కేసు.

ఇద్దరు పిల్లల అమ్మ:

నాకు బల్లి అంటే భయం. మా అమ్మకీ భయమే, చిన్నప్పుడు బల్లి కనపడితే మంచం ఎక్కి అరిచేది. నేను మా పిల్లల ముందు అరవకూడదని పళ్లు బిగబట్టుకుని ఉంటాను. అయినా మా చిన్నది గోడ వైపు చూసి నా చెయ్యి పట్టుకుంటుంది. నేను అరవకపోయినా దానికెలా తెలుస్తోంది?

పాత లెక్చరర్:

మీ చెయ్యి బిగుసుకుంటుంది కదమ్మా, అది చాలు. 1980లలో సూసన్ మినెకా, మైకేల్ కుక్ కోతుల మీద పనిచేశారు. ల్యాబులో పుట్టి పెరిగిన కోతులకు పామంటే భయం ఉండదు. అడవి నుంచి తెచ్చిన కోతి పామును చూసి బెదరడం కొద్దిసేపు చూశాక వాటికీ భయం పట్టుకుంది. వీడియోను మార్చి, కోతి పువ్వును చూసి బెదురుతున్నట్టు చూపిస్తే మాత్రం పువ్వంటే భయం పుట్టలేదు. చూసిందల్లా ఎక్కదన్నమాట, కొన్నింటికి లోపల ముందే చోటు ఉంటుంది. దీనికి విరుగుడు కూడా చూడటంలోనే ఉంది. పాములంటే హడలిపోయే పెద్దవాళ్ల మీద బండూరా బృందం 1969లో అచ్చువేసిన పనిలో, ఎదురుగా ఒకరు పామును పట్టుకోవడం చూస్తూ, ఆ తర్వాత వాళ్ల సాయంతో తామూ మెల్లమెల్లగా ముట్టుకున్నవాళ్లకు అందరికంటే బాగా భయం తగ్గింది. ఇంట్లో బల్లికి జడవని మనిషి ఎవరైనా ఉంటే పాపను వాళ్ల పక్కన నిలబెట్టండి.

తెనాలి టైలర్:

లెక్చరర్ గారూ, జ్యూస్ మాట చదివి ముందు కోపం వచ్చింది. తర్వాత షాపులో ఒక పూటంతా నన్ను నేను గమనించుకున్నాను. పదకొండు నుంచి ఒంటిగంట లోపల ఆ మాట ఐదుసార్లు అన్నాను. ఒకసారి అన్నది జాకెట్టు గురించి కూడా కాదు, చీరకి ఫాల్ కుట్టే పని. ఫాల్‌కి హుక్కులేంటండీ! ఆవిడా పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. కుర్రాడు మాత్రం తలెత్తి చూశాడు.

సరే అది అర్థమైంది. మరి భుజం ఎత్తడం సంగతేంటి? బల్ల మీద కొట్టడం? వాటివల్ల నాకు ఏ జ్యూసూ రాలేదే.

పరిశోధన పిల్ల:

టైలర్ అంకుల్, ఇది నేను చెప్తాను, నా చదువుకు దగ్గరి సంగతి. ఇలా అక్కర్లేని పనిని కూడా కలిపి దించెయ్యడం మనుషులకే బాగా ఎక్కువ.

2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అనే ఇద్దరు ఒక పెట్టెతో ప్రయోగం చేశారు. లోపల తినేది ఉంటుంది. చూపించే మనిషి ముందు పైనున్న కన్నంలో పుల్ల పెట్టి పొడుస్తాడు, తర్వాత ముందువైపు కన్నంలోంచి తీస్తాడు. నిజానికి పై కన్నానికీ తిండికీ సంబంధం లేదు, మధ్యలో అడ్డు ఉంది. పెట్టె నల్లగా ఉండి లోపల కనపడనప్పుడు ఉగాండాలోని ఎన్గాంబా దీవిలో పెరుగుతున్న చింపాంజీలు రెండు పనులూ చేశాయి. అద్దంలాంటి పెట్టె ఇస్తే, పైన పొడవడం దండగని చూసి, అది మానేసి నేరుగా తిండి తీసుకున్నాయి. మూడు నాలుగేళ్ల మనుషుల పిల్లలు మాత్రం అద్దం పెట్టెలో అంతా కనపడుతున్నా పైన పొడిచి మరీ తీశారు. పెద్దయ్యాక తగ్గుతుందేమో అనుకుంటాం కదా. వైటెన్ వాళ్లే 2011లో చూస్తే పెద్దవాళ్లు పిల్లల కంటే ఎక్కువగా దించారు.

అలాగని మీ కుర్రాడికి చింపాంజీ కంటే తెలివి తక్కువని కాదు. మన పనుల్లో సగానికి కారణం పైకి కనపడదు. ఆవకాయ జాడీలో తడి చెయ్యి పెట్టొద్దు అంటే మా చిన్నప్పుడు ఎందుకని అడిగామా? మా అమ్మమ్మకు బూజు శాస్త్రం తెలుసా? ఆవిడ వాళ్ల అమ్మను చూసి మానేసింది, మేం ఆవిడను చూసి మానేశాం, పచ్చడి ఏడాది నిలిచింది. కారణం తెలిసినవే దించుతాను అనేవాడు ఊరగాయ కూడా పెట్టలేడు. మాస్టారు చేస్తున్నాడంటే ఏదో ఉండే ఉంటుంది, వదిలేసి పాడుచేసుకోవడం కంటే చెయ్యడమే మేలు అన్నది మీ కుర్రాడి లెక్క. తప్పు లెక్క కాదు.

మీరు ఒక పని చెయ్యండి. ఆ టక్ టక్ మీకు ఎక్కడ అంటుకుందో గుర్తు తెచ్చుకోండి.

తెనాలి టైలర్:

అమ్మాయీ, నువ్వు అడిగావని మా గురువుగారికి ఫోన్ చేశాను. రేపల్లెలో ఉంటారు, కళ్లు సరిగా కనపడక పని మానేసి చాలా ఏళ్లయింది. ఆయన దగ్గర నాలుగేళ్లు చేశాను. "బల్ల మీద రెండు దెబ్బలు ఎందుకు వేసేవారండీ?" అని అడిగితే ముందు ఆయనకే గుర్తు రాలేదు. కాసేపాగి ఒకటే నవ్వు. "ఒరే, నా కత్తెరకి మర వదులురా. కొత్తది కొనడానికి డబ్బుల్లేక దాంతోనే లాగించాను. బల్లకి వేసి కొడితే రెండు రెక్కలూ కుదురుకునేవి. నీ కత్తెర బాగానే ఉంది కదా, నువ్వెందుకు కొడుతున్నావు?"

అదండీ సంగతి. 28 ఏళ్లుగా లేని వదులు మరను బిగిస్తున్నాను.

కుర్రాడికి చెప్పకుండా ముందు వాడిని అడిగాను, నువ్వెందుకు కొడతావురా అని. "గుడ్డకి చెప్పి కోయాలి కదా మాస్టారూ" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నేను చేసే పనికి నాకు లేని భక్తి వాడికి ఉంది.

మగ్గం ఇంటి ఆడపడుచు:

అన్నయ్యగారూ, మాది మంగళగిరి, గుంట మగ్గం ఇల్లు. నేను ఏ పుస్తకమూ చదివి చెప్పడం లేదు, చూసింది చెబుతాను.

చిన్నప్పుడు రాట్నం మీద కండెలు చుట్టే పని మాది. కూర్చోబెట్టి ఎవరూ నేర్పలేదు. కానీ తెగిన పోగు ముడి వెయ్యడం నాకు రెండేళ్లు రాలేదు. మా నాన్న పక్కనే కూర్చుని చూసేదాన్ని. ఆయన వేళ్లు పోగు దగ్గరికి వెళ్లేవి, వచ్చేవి, ముడి పడి ఉండేది. మధ్యలో ఏమైందో కనపడితే కదా! నా బుర్ర మంచిది కాదనుకున్నాను. ఒకసారి నాన్న ఊళ్లో లేనప్పుడు మా నాయనమ్మ మగ్గం దగ్గర కూర్చుంది. ఆవిడకు వేళ్ల కీళ్లు నొప్పులు. పోగు పట్టుకోవడం, తడి చెయ్యడం, మెలి తిప్పడం, ఒక్కొక్కటీ ఆగి ఆగి, మధ్యలో ఒకసారి జారిపోతే ఛీ అనుకుని మళ్లీ. ఆ పూటే నాకు ముడి వచ్చేసింది.

మీరు 28 ఏళ్ల చేతితో చూపిస్తున్నారు. కుర్రాడికి కనపడేవి మీ పనిలో నెమ్మదిగా ఉండేవే. భుజం ఎత్తడం కనపడుతుంది, బల్ల మీద దెబ్బ వినపడుతుంది, నోట్లో సూది మెరుస్తుంది. నిలువు పోగు చూసి గుడ్డ పరిచే తీరు మాత్రం మీ వేళ్లు తుడిచినట్టు చేసేస్తాయి, వాడికి అందదు.

ఇంకో మాట. వాడు బల్లకి అవతలి వైపు, మీకు ఎదురుగా నిలబడతాడా? అలా అయితే మీ కుడి వాడికి ఎడమ. మా ఇంట్లో కొత్తవాళ్లను ఎప్పుడూ పక్కనే కూర్చోబెట్టేవాళ్లు, ఎదురుగా కాదు.

తెనాలి టైలర్:

అమ్మా, ఎదురుగానే నిలబడతాడు! చంక చుట్టు కోసేటప్పుడు ప్రతిసారీ వెనక భాగానికి పెట్టాల్సిన వంపు ముందు భాగానికి పెట్టేస్తాడు. నేను దున్నపోతు అని తిడుతున్నాను. వాడు నన్ను అద్దంలో చూస్తున్నట్టు చూస్తున్నాడన్న ఆలోచనే రాలేదు నాకు. ఈ ఒక్క మాటకే మీకు ఒక జాకెట్టు ఉచితంగా కుట్టి ఇవ్వాలి. చెప్పిన రోజుకే ఇస్తాను.

ఊరికే అడుగుతున్నా:

హుక్కులతో సహానా?

తెనాలి టైలర్ (మూడు వారాల తర్వాత):

ఇంతమంది ఓపిగ్గా చెప్పారు కాబట్టి ఏమైందో రాస్తున్నాను. అన్నీ కుదిరాయని అనుకోకండి.

సూదుల సంగతి తేలిగ్గా అయిపోయింది. మణికట్టుకి కట్టుకునే సూదుల దిండు రెండు కొన్నాను. ఒకటి నేను కట్టుకున్నాను, రెండోది బల్ల మీద పెట్టి ఏమీ అనలేదు. మూడో రోజుకి వాడి చేతికి ఉంది. నేనే రెండుసార్లు మర్చిపోయి నోట్లో పెట్టుకున్నాను, వాడు మాత్రం ఒక్కసారి కూడా పెట్టుకోలేదు. ఎందుకో తెలీదు.

కటింగ్‌కి పక్కన నిలబెడుతున్నాను. నెమ్మదిగా కొయ్యడం నాకు నరకం. చెయ్యి దానంతట అదే పరుగెడుతుంది. నాయనమ్మగారిలాగా పైకి మాట్లాడుకుంటూ కోస్తున్నాను, "ఇదిగో ఇక్కడ చాక్ గీత దాటబోయాను, ఆగాను" అని. వాడు నవ్వుతాడు. చంక చుట్టు ఇప్పుడు పదింటిలో ఎనిమిది సరిగ్గా వస్తున్నాయి. భుజం కూడా చాలావరకు దిగింది, పక్కన నిలబడితే వాడికి నా భుజం కనపడదు మరి.

లైనింగ్ కోసం షాపు వెనక ఒక బకెట్టు పెట్టాను. పొద్దున రాగానే ముందు నేనే నానబెడుతున్నాను, వాడికి చెప్పడం మానేశాను. వారం రోజులు వాడు బకెట్టు వైపే చూడలేదు. ఆ తర్వాత ఒక పాత కస్టమర్ ఉతికిన జాకెట్టు తెచ్చి చూపించింది, లైనింగ్ ముడుచుకుపోయి పైనంతా బుడగలు. వాడు కుట్టింది కాదు, నేను కుట్టిందే. వాడి ముందే ఆవిడ నన్ను కడిగిపారేసింది. నేను ఊరుకుని, విప్పి కొత్త లైనింగ్ వేసిస్తానన్నాను. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి బకెట్టు నిండి ఉంది. లెక్చరర్ గారూ, ఆ సినిమాలో తిట్లు తిన్నవాడి వేషం నాది.

అసలైనది అబద్ధం. నాకు అదే కష్టమైంది. మొదటి రోజు ఒకావిడ వస్తే, "ఇంకా కొయ్యలేదమ్మా, బేస్తవారానికి ఇస్తాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆవిడ సంచి లాక్కుని వెళ్లిపోయింది, కొయ్యకుండానే నెల రోజులు పెట్టుకున్నావా అంటూ. కుర్రాడు ఇటే చూస్తున్నాడు. చచ్చాం, నిజం చెబితే దక్కేది ఇదీ అని వీడు నేర్చుకున్నాడు అనుకున్నాను. అదే రోజు ఇంకో ఇద్దరితో కూడా నిజమే చెప్పాను. ఒకావిడ విసుక్కుంది కానీ గుడ్డ ఉంచింది. బేస్తవారం వచ్చింది, జాకెట్టు తీసుకుంది, "మొదటిసారి చెప్పిన రోజుకి ఇచ్చావయ్యా" అని కుర్రాడి వైపు తిరిగి మరీ అంది. మెచ్చుకుందో దెప్పిందో కానీ వాడి ముందు అంది, అది చాలు.

మొన్న నేను భోజనానికి వెళ్లినప్పుడు కస్టమర్ వస్తే వాడు ఏం చెప్పాడో పక్క మెడికల్ షాపు ఆయన చెప్పాడు. "కోశామండీ, కుట్టలేదు. మాస్టారు వచ్చాక ఏ రోజో అడిగి ఫోన్ చేస్తాను" అన్నాడట. నా మాట కాదది. వాడి సొంతం. ఎక్కడ నేర్చుకున్నాడో.

టక్ టక్ మాత్రం మానలేదు, ఇద్దరం. మర సంగతి చెప్పాక వాడు రెండు రోజులు మానేశాడు. మూడో రోజు ఒక పట్టు జాకెట్టు కోయబోతూ ఆగి, నా వైపు చూసి, మెల్లగా రెండుసార్లు కొట్టాడు. నేనేమీ అనలేదు.

అన్నట్టు ఆ మణికట్టు దిండుకి ఎలాస్టిక్ అప్పుడే వదులైపోయింది. గుంటూరులో గానీ విజయవాడలో గానీ గట్టివి ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. కార్తీకంలో ముహూర్తాలు మొదలవుతాయి, ఈలోపు కావాలి.